బండి ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఉన్నది ఉన్నట్టు చెప్పే మెకానిక్ షాపు, అనంతపురం

గుత్తి రోడ్డు వైపు సందులో ఉండే ఈ బైకు మెకానిక్ షాపుకి నేను మూడేళ్ళకి పైనే పోతున్నా, రాయాలి రాయాలి అనుకుంటానే రోజులు గడిచిపోయినాయి. మొన్న మా స్కూల్లోకి కొత్తగా ట్రాన్స్‌ఫర్ అయి వచ్చిన సార్ ఒకాయన స్టాఫ్ రూములో కూర్చుని "బండికి ఇంజన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మారుస్తారు సార్ మీరంతా" అని అడిగినాడు. అంతే, ఒకరు 1500 అన్నారు, ఒకరు 2000, తెలుగు మేడం వాళ్ళాయన ప్రతి రెండు నెలలకి మారుస్తాడంట, పీఈటీ సార్ ఐతే "నల్లగా ఐతే మార్చేయడమే" అన్నాడు, ఇంకొకాయన బండి కొన్నప్పటి నుంచి సర్వీస్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడే పోయి మార్పిస్తాడంట. అందరూ చదువుకున్నోళ్ళమే, అందరం రోజూ బండి మీద 20, 30 కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్ళమే, కానీ ఒక్కరి లెక్క ఇంకొకరితో కలవలేదు. ఆ రోజు సాయంత్రమే కూర్చుని ఇది రాస్తున్నా, ఎందుకంటే నాకు ఈ విషయం సరిగ్గా చెప్పింది ఈ షాపు భాయే.

నాది స్ప్లెండర్ ప్లస్. అనంతపురం నుంచి కూడేరు దాటి లోపలికి పోవాలి మా స్కూలుకి, పోను రాను 50 కిలోమీటర్లు దగ్గర దగ్గర. ఏడాదికి 14,000 కిలోమీటర్లు తిరుగుతుంది బండి. కూడేరు దాకా బళ్లారి రోడ్డు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఊర్లోకి తిరిగినాక మట్టి రోడ్డు. ఆషాఢం గాలి మొదలైందంటే చూడాలి అక్కడ, గాలి బండినే పక్కకి తోస్తా ఉంటుంది, ఎదురుగా వచ్చే లారీ కనపడనంత దుమ్ము లేస్తుంది, హెల్మెట్ అద్దం వేసుకున్నా పళ్ళ కింద ఇసుక కరకరలాడుతుంది. ఎండాకాలం సంగతి అనంతపురం వాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆయిల్ మార్చే లెక్కకి, బండి ఎట్లాంటి చోట తిరుగుతుంది అనేదానికి చాలా సంబంధం ఉంది, అది కిందికి చెప్తా.

ఇంతకుముందు వేరే చోట చేయించేవాణ్ణి, పేరు వద్దు. అక్కడ లెక్క 2000 కిలోమీటర్లు. 2000 అయిందంటే చాలు "సార్ ఆయిల్ చచ్చిపోయింది, నల్లగా తారు మాదిరి అయింది చూడండి" అని చూపించేవాళ్ళు, నల్లగానే ఉండేది, నేనూ సరే అనేవాణ్ణి. ఏడాదికి 7 సార్లు. మొదటిసారి ఈ షాపుకి పోయింది కూడా ఆ లెక్క ప్రకారమే, 2000 దాటింది, ఆ రోజు ఆ షాపు మూసి ఉంది, సరే అని ఇక్కడికి వచ్చి "భాయ్ ఆయిల్ మార్చు" అన్నా.

భాయ్ బండిని మెయిన్ స్టాండ్ వేసి రెండు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి పెట్టి ఆపినాడు. ఆపి వెంటనే తీయలేదు, పక్క బండి దగ్గరికి పోయి ఏదో బోల్టు బిగించి వచ్చినాడు, అంతసేపు ఆయిల్ కిందికి దిగాలంట. తర్వాత డిప్ స్టిక్ (ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్ల) తీసి బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ మరలో తిప్పకుండా ఊరికే లోపల ఆనించి తీసినాడు (తిప్పి బిగించి తీస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, నేను అంతకుముందు ఎప్పుడూ తిప్పే చూసేవాణ్ణి). చివర అంటిన ఆయిల్ బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టి రుద్దినాడు, వాసన చూసినాడు, గోడకి తగిలించిన పాత కాలెండర్ కాగితం ఒకటి చింపి దాని మీద ఒక చుక్క వేసినాడు. ఆ చుక్క మెల్లగా పాకి మధ్యలో నల్లగా, చుట్టూ పల్చగా గోధుమ రంగులో ఒక వలయం మాదిరి వచ్చింది. కాగితం నా చేతికిచ్చి "ఇంకా ప్రాణం ఉంది సార్ దీనికి. గరుకు లేదు, పెట్రోల్ వాసన లేదు, చుక్క బాగా పాకింది. ఇప్పుడు మార్చి ఏం చేస్తారు? ఇంకో 2000 తిరిగి రాండి" అన్నాడు. కొంచెం తగ్గిన ఆయిల్ మాత్రం పోసి 40 రూపాయలు తీసుకున్నాడు. చేతికి వచ్చిన బేరం వద్దని వెనక్కి పంపించిన మెకానిక్‌ని నేను అదే మొదటిసారి చూడటం.

నల్లగా ఉంది కదా భాయ్ అంటే, నల్లగా అవ్వడమే దాని పని సార్ అన్నాడు. నేను ఫిజికల్ సైన్స్ చెప్తా స్కూల్లో, ఇంటికొచ్చి చదివి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంజన్ ఆయిల్‌లో డిటర్జెంట్లు కలుపుతారు, అవి లోపల కాలిన మసిని గోడలకి అంటుకోనీకుండా తనలోకి తీసుకుని తేలుతా ఉంచుతాయి. సబ్బు నీళ్ళలో మురికి గుడ్డ పిండితే నీళ్ళు నల్లగా ఐనట్టే. నల్లగా అయిందంటే పని చేస్తోందని అర్థం. డీజిల్ బండ్లలో ఐతే మార్చిన మర్నాటికే నల్లగా ఐపోతుంది, అట్లని రోజూ మారుస్తామా. ఆయిల్ నిజంగా పాడయ్యేది వేరే రకంగా: వేడికి ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడటం, ఆ డిటర్జెంట్లు, అరుగుదల ఆపే మందులు ఖర్చైపోవడం, కాలని పెట్రోల్ కలిసి పల్చబడటం, తేమ చేరడం, దుమ్ము చేరడం. ఒట్టి నలుపు చూసి ఇవేవీ చెప్పలేం. చుక్క మధ్యలోనే గడ్డగా ఆగిపోయి చుట్టూ పాకలేదంటే మసి మోసే శక్తి ఐపోయిందని, చేతికి గరుకు తగిలితే లోపల ఏదో అరుగుతోందని, ఇట్లాంటివి చూడాలి.

నా బండి మాన్యువల్ తీసి చూస్తే ప్రతి 6000 కిలోమీటర్లకి మార్చాలి, మధ్యలో 3000కి లెవెల్ చూసి టాప్ అప్ చేయాలి అని ఉంది. ఎన్నేళ్ళు సీటు కింద పెట్టుకుని తిరిగినానో ఆ పుస్తకం, ఒక్కసారి తెరిచి చూడలేదు. అది తీసుకుపోయి భాయ్‌కి చూపిస్తే, కంపెనీ చెప్పింది తప్పు కాదు సార్, కానీ మీ బండి 45,000 తిరిగింది, రోజూ మట్టిలో పోతుంది, మీరు 4000కి మార్చండి చాలు, 2000 దండగ, 6000 మీ రోడ్డుకి ఎక్కువ అన్నాడు. అదే రోజు ఒక కుర్రోడు కొత్త బండి తెచ్చి నిలబెట్టి ఉంటే వాడికి మాత్రం "నీది మొదటి సర్వీసు, 700 అయింది కదా, ఇప్పుడు మార్చాల్సిందే, ఆలస్యం చేయద్దు" అని చెప్పినాడు. కొత్త ఇంజన్ లోపల ఒకదానికొకటి ఒరిసి సర్దుకునేటప్పుడు సన్నటి ఇనప రజను రాలుతుంది, అది మొదటి ఆయిల్‌తోనే బయటికి పోవాలి. అంటే ఒకే షాపు, ఒకే గంటలో ఇద్దరికి రెండు లెక్కలు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మా ఇంట్లో ఆమె స్కూటర్ది ఇంకో కథ. ఆమె పని చేసే ఆఫీసు ఇంటికి 2 కిలోమీటర్లు కూడా లేదు, పొద్దున పోతుంది సాయంత్రం వస్తుంది, మధ్యలో కూరగాయలకి ఒకసారి. ఆరు నెలలకి 900 కిలోమీటర్లు తిరిగిందంతే. నేనేమో ఇంత తక్కువ తిరుగుతుంది కదా దీనికేం అవసరం అని రెండేళ్ళు ఆయిల్ ముట్టుకోలేదు. కార్తీక మాసం చలిలో పొద్దున స్టార్ట్ అవ్వడం లేదని ఈ షాపుకి తీసుకుపోతే భాయ్ ఆయిల్ మూత తీసి నాకు చూపించినాడు, మూత లోపల వైపు తెల్లగా నురుగు పట్టి ఉంది, చిలికిన మజ్జిగ మీద తేలుతుందే అట్లా. వేలితో తీస్తే వెన్న మాదిరి వచ్చింది. నేను భయపడిపోయినా, నీళ్ళు పోయినాయేమో అనుకున్నా. బయట నుంచి పోలేదు సార్, ఇంజన్ లోపలే పుట్టింది అన్నాడు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి వస్తుంది, ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది, 2 కిలోమీటర్లకే ఆపేస్తే వేడెక్కేలోపే చల్లారిపోతుంది, ఆ నీరు ఆయిల్‌లోనే కలిసిపోతుంది. చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ కూడా ఎక్కువ పోతుంది, అది సగం కాలక ఆయిల్‌లోకి దిగుతుంది. తీసిన ఆయిల్ వాసన చూపించినాడు నాకు, నిజంగానే పెట్రోల్ వాసన గుప్పున కొట్టింది, నీళ్ళ మాదిరి పల్చగా కారింది.

కాబట్టి ఎక్కువ తిరిగే నా బండి కంటే తక్కువ తిరిగే ఆమె బండికే ఆయిల్ ముందు పాడైంది. ఇది చాలామందికి తెలీదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. మాన్యువల్లో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది కదా, ఆ "ఏది ముందైతే" అనేది ఊరికే రాసింది కాదు. ఇంట్లో ఆడవాళ్ళ స్కూటర్లు, రిటైరైన పెద్దోళ్ళ బండ్లు, గుడికి మార్కెట్‌కి మాత్రమే పోయే బండ్లు, వీటికి మీటర్ చూడద్దు, కాలెండర్ చూడండి. భాయ్ మా స్కూటర్‌కి ఏడాదికి ఒకసారి కాదు, ఆరు నెలలకి ఒకసారి అన్నాడు, దాంతోపాటు నెలకి రెండు సార్లన్నా ఊరి బయటికి 15, 20 కిలోమీటర్లు తిప్పుకుని రమ్మన్నాడు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇద్దరం స్కూటర్ మీదే పోయి బయట ఉగ్గాని బజ్జీ తినొస్తున్నాం, నురుగు మళ్ళీ కనపడలేదు.

ఇంకోటి, స్కూటర్‌కి వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరుగా ఉంటుంది, కొంచెమే పడుతుంది, కానీ దాన్ని అడిగే నాథుడే ఉండడు. మా స్కూటర్ కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ మార్చలేదని భాయ్ తీసి చూపించే దాకా నాకు తెలీదు.

ఇప్పుడు పాత షాపులో జరిగిన నష్టం చెప్తా, పేరు చెప్పను, కానీ ఎవరికైనా ఉపయోగపడుతుంది. వాళ్ళు డ్రమ్ములో నుంచి లూజు ఆయిల్ మగ్గుతో తీసి పోసేవాళ్ళు. ఒకసారి అట్లా మార్పించినాక వారం తిరక్కుండానే బండి బ్రిడ్జి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ గుయ్యిమని అరుస్తుంది కానీ బండి మాత్రం కదలదు. క్లచ్ ప్లేట్లు పోయినాయి మార్చాలి అన్నారు, మార్చినారు, డబ్బులు తీసుకున్నారు. రెండు నెలలకి మళ్ళీ అదే. ఈ భాయ్ దగ్గరికి వచ్చినాక మూడు మాటల్లో తేల్చినాడు, అది కార్ల ఆయిల్ సార్ అని. గేర్ల బైకులో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఇంజన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి, గేర్లు కూడా అదే ఆయిల్‌లో తిరుగుతాయి. కార్ల ఆయిల్ కొన్నిట్లో మైలేజి కోసం జారుడు మందులు కలుపుతారు, అవి ఇంజన్‌కి మంచివే, కానీ క్లచ్ ప్లేట్లు జారకూడదు కదా, పట్టుకోవాలి. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఇది జపాన్ వాళ్ళ స్టాండర్డ్, 1998లో పెట్టినారు బైకుల కోసమే. గేర్లు లేని స్కూటర్‌కి ఎంబీ అని ఉంటుంది, దాంట్లో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి జారినా ఇబ్బంది లేదు. అంటే మా ఇంట్లో రెండు బండ్లు ఉన్నాయని ఒకే డబ్బా తెచ్చి రెండిట్లో పోయడం కూడా తప్పే, ఎంబీ డబ్బా స్ప్లెండర్‌లో పోస్తే మళ్ళీ అదే క్లచ్ కథ.

ఆ పాత షాపులోనే కింద డ్రైన్ బోల్ట్ పొడుగు రాడ్ వేసి బలం కొద్దీ బిగించి మర పాడు చేసినారు, ఆయిల్ చుక్క చుక్క కారి ఇంటి ముందు బండ మీద మరకలు. కింద కేసు అల్యూమినియం, బోల్ట్ ఇనుము, బలం చూపిస్తే మెత్తటిది పోతుంది. భాయ్ దాన్ని కొత్త మర వేసి సరి చేసినాడు, ఆ రోజు నుంచి ప్రతిసారీ బోల్ట్ కింద కొత్త వాషర్ వేస్తాడు, 10 రూపాయలది, బోల్ట్ చేత్తో మొదలుపెట్టి తిప్పి చివర్లో మాత్రమే స్పానర్ పెడతాడు. చిన్న విషయం, కానీ మూడేళ్ళలో ఒక్క చుక్క కారలేదు.

గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం) గురించి చెప్పాలి. మన ఊర్లో చాలామంది "మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోయాలి, 20డబ్ల్యూ-50 పోయించుకో" అంటారు. నేనూ ఒకసారి పట్టుబట్టినా, భాయ్ ఒప్పుకోలేదు. స్ప్లెండర్‌కి కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30, అదే పోస్తా, బుల్లెట్ తెస్తే దానికి వాళ్ళు చెప్పిన 15డబ్ల్యూ-50 పోస్తా, పల్సర్ తెస్తే 20డబ్ల్యూ-50 పోస్తా, నా ఇష్టం మీ ఇష్టం కాదు ఇది అన్నాడు. ఆ డబ్ల్యూ అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది, కాదు, వింటర్, చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే నంబర్ అది. రెండో నంబర్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. అంటే బయట 43 డిగ్రీలున్నా 30 డిగ్రీలున్నా ఇంజన్ లోపలి వేడితో పోలిస్తే అది పెద్ద తేడా కాదు, ఆ 30 అనే నంబర్ లెక్క వేసిందే 100 డిగ్రీల దగ్గర. చిన్న ఇంజన్‌లో సందులు సన్నగా ఉంటాయి, చిక్కటి ఆయిల్ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన క్యామ్ (వాల్వులు తెరిచే భాగం) దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, అరుగుదల ఎక్కువ జరిగేది కూడా ఆ టైంలోనే. మైలేజి కూడా తగ్గుతుంది. ఇవన్నీ భాయ్ ఇట్లా చెప్పలేదు, ఆయన చెప్పింది ఒక్కటే "తయారు చేసినోనికి తెలీదా సార్" అని. మిగతాది నేను చదువుకున్నది.

డబ్బా మీద ఏపీఐ (ఇది అమెరికా వాళ్ళ స్టాండర్డ్) ఎస్ఎల్, ఎస్ఎన్ అని కూడా ఉంటాయి, ఎస్ఎల్ 2001 నాటి స్థాయి, ఎస్ఎన్ 2010ది, ఎస్పీ 2020ది. రెండో అక్షరం ముందుకు పోయే కొద్దీ కొత్తది, మాన్యువల్లో చెప్పినదో దానికంటే కొత్తదో ఐతే చాలు.

ఫుల్ సింథటిక్ (రసాయనాలతో తయారు చేసే ఖరీదైన రకం ఆయిల్) పోయిస్తే 10,000 కిలోమీటర్లు ముట్టుకోనక్కర్లేదు అని ఒక కొలీగ్ చెప్తే అది కూడా అడిగినా. వేడిని బాగా తట్టుకుంటుంది సార్, మంచిదే, కానీ ధర రెట్టింపు పైనే, మీ బండి మీద మట్టి మాత్రం తగ్గదు కదా అన్నాడు. నిజమే, ఆయిల్ ఎంత గొప్పదైనా దాంట్లో చేరిన దుమ్మూ మసీ ఎక్కడికీ పోవు, పైగా బైకులో గేర్ల పళ్ళ మధ్య నలిగి నలిగి ఆయిల్ పల్చబడుతుంది. మా బావమరిది కారుకి 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చమని కంపెనీ చెప్పింది కదా, బైకుకి ఎందుకు కాదు అనేదానికి జవాబు కూడా ఇదే. కారులో గేర్ బాక్స్ ఆయిల్ వేరు, మూడు నాలుగు లీటర్ల ఇంజన్ ఆయిల్ ఉంటుంది, మార్చే ఫిల్టర్ ఉంటుంది, నీళ్ళతో చల్లబరుస్తారు. నా బండిలో ఉన్నది లీటరు లోపు, గాలికి చల్లారాల్సిందే, ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ అన్నిటికీ అదే లీటరు. మా నాయన ట్రాక్టర్‌కి ఐతే కిలోమీటర్ల ఊసే ఉండేది కాదు, మీటర్లో గంటలు చూసి మార్చేవాడు, దుక్కి దున్నేటప్పుడు చక్రం మెల్లగా తిరిగినా ఇంజన్ మాత్రం ఆగకుండా తిరుగుతానే ఉంటుంది కదా. సిగ్నళ్ళ దగ్గర, ట్రాఫిక్‌లో నిలబడి ఉండే బండ్లకి కూడా అదే వర్తిస్తుంది, మీటర్ కదలదు కానీ ఆయిల్ కాలతానే ఉంటుంది.

దుమ్ము సంగతి చెప్తా అన్నా కదా. ఆయిల్‌లోకి మట్టి ఎట్లా పోతుంది అనుకుంటే, ఎయిర్ ఫిల్టర్ దారిన పోతుంది. నా బండి ఫిల్టర్ నూనె పూసిన కాగితంది, దుమ్ము ఆ జిగటకి అంటుకుంటుంది. వాటర్ సర్వీసు చేసే చోట దాన్ని తీసి గాలి కొట్టి మళ్ళీ పెడతారు, చూడటానికి శుభ్రంగా కనపడుతుంది, కానీ అట్లా కొడితే ఆ జిగట పోయి సన్నటి రంధ్రాలు తెరుచుకుని మట్టి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, అక్కడి నుంచి పిస్టన్ రింగుల పక్కగా ఆయిల్‌లోకి. ఆ తర్వాత ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా రింగులు అరగడం ఆగదు. భాయ్ దాన్ని కడగడు, గాలి కొట్టడు, పాడైతే కొత్తది వేస్తాడు. నాకు మట్టి రోడ్డు కాబట్టి కంపెనీ చెప్పినదానికంటే ముందే మారుస్తున్నాడు, ఆయిల్ మార్చే ప్రతిసారీ తెరిచి చూస్తాడు మాత్రం.

అన్నిటికంటే ముఖ్యమైనది లెవెల్. మా వీధిలో ఒకాయన, కళ్యాణదుర్గం రోడ్డులో మధ్యాహ్నం పూట పోతుంటే బండి ఉన్నట్టుండి చక్రం పట్టేసి ఆగిపోయింది, పడలేదు దేవుడి దయ. పిస్టన్ పట్టేసింది, సిలిండర్ బోరు చేయించి పిస్టన్ కిట్ వేయించేసరికి 7000 దాటింది. ఆయన ఆయిల్ మార్చి నెలన్నర కూడా కాలేదంట. మార్చినాడు సరే, పాత బండి, రింగుల దగ్గర ఆయిల్ తాగుతోంది, లోపల పావు వంతు కూడా మిగల్లేదు. ఎన్ని వేలకి మార్చాలని అందరం కొట్లాడతాం కానీ వారానికి ఒకసారి డిప్ స్టిక్ తీసి చూసేవాళ్ళు ఎంతమంది? పాత ఆయిల్‌తో ఇంజన్ ఇంకో వెయ్యి కిలోమీటర్లు పోతుందేమో గానీ ఆయిల్ లేకుండా పది కిలోమీటర్లు పోదు. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బండి తుడిచేటప్పుడు చూస్తా, రెండు గీతల మధ్యలో ఉండాలి. ఎక్కువ పోయడం కూడా మంచిది కాదు, పై గీత దాటితే లోపల చిలికి నురుగై, ఎక్కువైంది ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తోసుకొస్తుంది. 900 మిల్లీ డబ్బా తెచ్చాం కదా అని మొత్తం ఒంపేయకుండా భాయ్ కొంచెం ఆపి లెవెల్ చూసి మిగిలింది పోస్తాడు, మిగిలితే మూత బిగించి మనకే ఇస్తాడు, తర్వాత టాప్ అప్‌కి పనికొస్తుంది.

ధర చెప్తా. పోయినసారి ఆయిల్ డబ్బా మీద ఉన్న ఎంఆర్‌పీ 390, లేబర్ 80, వాషర్ 10, మొత్తం 480. డబ్బా మన ముందే సీలు తీస్తాడు, ఖాళీ ఐనాక కత్తితో అడ్డంగా కోసి పారేస్తాడు. ఎందుకు భాయ్ పాత సామాన్లోనికి వేస్తే రెండు రూపాయలు వస్తాయి కదా అంటే, ఆ డబ్బాలోనే మళ్ళీ ఏదో నింపి కొత్త మూత పెట్టి అమ్ముతారు సార్, నా షాపు నుంచి పోయిన డబ్బాలో అట్లా జరగకూడదు అన్నాడు. మీరు యాడ చేయించినా ఈ ఒక్కటి మాత్రం పట్టుబట్టండి, మీ కళ్ళ ముందే కోయమనండి.

తీసిన పాత ఆయిల్ కాలవలో పోయడు, పెద్ద డ్రమ్ములో పోసి పెడతాడు, రీసైకిల్‌కి తీసుకునేవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. పల్లెల్లో దీన్ని అడిగి తీసుకుపోయి చెదలు పట్టకుండా దూలాలకి పూస్తారు, మిగిలింది గట్ల మీద పోస్తారు, అది భూమిలో దిగితే బోరు నీళ్ళకి చేటు, అసలే మనకి ఉన్న నీళ్ళు ఎన్ని. ప్రభుత్వం కూడా దీన్ని ప్రమాదకర వ్యర్థాల కిందే లెక్కేస్తుంది, 2024 ఏప్రిల్ 1 నుంచి ఐతే వాడిన ఆయిల్‌ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ తయారీదార్ల మీదే పెట్టినారు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. కూర్చోడానికి ఒక్క బెంచీ, అది కూడా మధ్యాహ్నం ఎండ పడుతుంది. పొద్దున 10 తర్వాత పోతే గంటన్నర ఆగాల్సిందే, ఎందుకంటే భాయ్ ఏ బండైనా తనే చూస్తాడు, కుర్రాళ్ళకి వదలడు. శుక్రవారం 12 నుంచి 3 దాకా నమాజుకి మూసేస్తాడు. కంప్యూటర్ బిల్లు ఉండదు, చీటీ రాసిస్తాడు. ఫోన్ చేస్తే ఎత్తడం తక్కువ, చేతులకి గ్రీజు ఉంటుంది పాపం. కొత్త మోడల్ ఇంజెక్షన్ బండ్లకి సెన్సార్ సమస్య వస్తే ఇది నా చేతిలో పని కాదు అని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పంపిస్తాడు. వారంటీ ఉన్న బండి ఐతే ఫ్రీ సర్వీసులు అక్కడే చేయించుకోమంటాడు, నేనూ అదే చెప్తా.

నాకు 7 సార్లు అయ్యేది ఇప్పుడు ఏడాదికి మూడు నాలుగు సార్లు అవుతోంది, సగానికి సగం మిగిలింది. బండి 85,000 దాటింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, సైలెన్సర్‌లో పొగ లేదు, మైలేజి 60 కంటే తగ్గలేదు. పోవాలనుకుంటే పొద్దున 8:30కి షట్టర్ తీసే టైంకి పోండి, ఇంజన్ కొంచెం వెచ్చగా ఉండాలి కాబట్టి బండి మీదే పోండి, ఆయిల్ చూడు భాయ్ అనండి, మార్చు అని మాత్రం మీరే ముందు చెప్పద్దు, ఆయన చూసి చెప్తాడు. నా ట్యాంకు కింద ఆయన రాసి అంటించిన చీటీలో 87,200 అని ఉంది, అది సంక్రాంతి సెలవుల ముందు వస్తుంది, అప్పుడు పోతా.